ముందే చెప్పిన సాక్ష్యం

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లకు కొదవ లేదు. చెప్పుల షాపు పైన, కళ్ళజోళ్ళ షాపు పైన, ఎక్కడ మెట్లు కనబడితే అక్కడ ఒకటి ఉంటుంది. అలాంటి ఒకదాని మూడో అంతస్తులో సాధన ఎనిమిదేళ్ళుగా అంతర్జాతీయ సంబంధాలు చెబుతోంది. గ్రూప్స్‌కు చదివే తెలుగు మీడియం పిల్లల్లో ఆమెకు ఒక పేరుంది. సాధన మేడమ్ చెప్పిన తేదీ తప్పదు, అంకె తప్పదు. తెలియకపోతే తెలియదంటుంది, రేపు చూసి చెబుతానంటుంది, మర్నాడు నిజంగానే చూసి చెబుతుంది. ఇంత నిక్కచ్చి మనిషిని ఎవరు చేసుకుంటారులే అని తోటి లెక్చరర్లు చాటుగా నవ్వుకునేవాళ్ళు. అది ఆమెకూ తెలుసు. ముప్ఫై నాలుగేళ్ళు వచ్చాయి, ఇప్పటిదాకా ఎవరూ చేసుకోలేదు కాబట్టి వాళ్ళ మాట కూడా తప్పని అనలేదు.

ఆ శుక్రవారం ఉదయం బ్యాచ్‌కు చమురు రాజకీయాల పాఠం. 1960లో బాగ్దాద్‌లో చమురు అమ్మే దేశాలు ఒక జట్టు కట్టడం, 1974లో కొనే దేశాలు పారిస్ కేంద్రంగా ఇంకో జట్టు కట్టడం, తొంభై రోజులకు సరిపడా నిల్వ ఉంచుకోవాలన్న వాళ్ళ నియమం, అన్నీ బోర్డు మీదికి ఎక్కాయి. తర్వాత 2022 డిసెంబరు. రష్యా చమురుకు బ్యారెల్‌కు అరవై డాలర్లని ధనిక దేశాలు గీత గీశాయి. ఆ గీత దాటి కొన్న సరుకుకు తమ ఓడలు, తమ బీమా ఇవ్వబోమన్నాయి. చమురు ఆగకూడదు, అమ్మేవాడికి మాత్రం లాభం మిగలకూడదు. పామూ చావకూడదు, కర్రా విరగకూడదు. పాము సంగతి ఏమైందో గానీ, తుక్కు కింద కొట్టేయాల్సిన ముసలి ఓడలకు మాత్రం అప్పటినుంచి భలే గిరాకీ వచ్చింది. పేర్లు మార్చుకుని, ఎక్కడున్నాయో చెప్పే యంత్రాన్ని ఆపేసుకుని, ఏదో ఒక దేశం జెండా తగిలించుకుని అవి తిరుగుతూనే ఉన్నాయి. రష్యా సరుకే కాదు, ఎవరి మీద నిషేధం ఉంటే వాళ్ళ సరుకు మోస్తాయి.

వెనక బెంచీ నుంచి దశరథ అనే కుర్రాడు లేచాడు.

"మేడమ్, గా ఓడల మీద పనిచేసేటోళ్ళు ఎవరి కిందికి ఒస్తరు?"

"చట్టం ప్రకారం ఓడ ఏ దేశం జెండా ఎగరేస్తే ఆ దేశం కిందికి వస్తారు."

"జెండానే దొంగదైతే?"

"ఎవరి కిందికీ రారు," అంది సాధన. "రాసుకోండి. బిట్ వచ్చే అవకాశం ఉంది."

రెండు వందల మంది రాసుకున్నారు. ఆమె గొంతు ఎక్కడా తగ్గలేదు. సరిగ్గా అలాంటి ఓడ మీద తన తమ్ముడు ఐదు నెలలుగా చిక్కుకుపోయి ఉన్నాడనీ, నిన్న గురువారం పడవ వెళ్ళి అతన్ని దించి ఉండాలనీ, దించారో లేదో కబురు ఇంకా రాలేదనీ ఆ గదిలో ఎవరికీ తెలియదు. తెలియకుండానే పాఠం గంటన్నర సాగింది.

తమ్ముడి పేరు జోయల్. ఇరవై ఆరేళ్ళు. ఐటీఐలో ఫిట్టర్ చేసి, ఎల్బీ నగర్‌లో బోరు మోటార్లు బాగుచేసే షాపులో ఉండేవాడు. తండ్రి మత్తయి హయత్‌నగర్ డిపోలో బస్సుల మెకానిక్‌గా చేసి చనిపోయాడు, ఇనుముతో మాట్లాడే విద్య కొడుక్కి అక్కణ్ణుంచే వచ్చింది. ఆయిల్ ట్యాంకర్లలో పంపులు చూసుకునే పనికి మనుషులు కావాలని ప్రసన్నకుమార్ అనే ఏజెంటు చెబితే జోయల్‌కు ఆశ పుట్టింది. ఓడ కాగితాలు తెచ్చి అక్క చేతిలో పెట్టాడు.

"నువ్వు జూడక్కా. నాకేం తెలుస్తది."

ఓడ పేరు ఓషన్ గ్రేస్. అంతకుముందు రెండు పేర్లున్నాయి. వయసు ఇరవై మూడేళ్ళు. జెండా ఏ దేశానిదంటే, మ్యాపులో దాని చుట్టూ నేల తప్ప సముద్రం చుక్క కూడా ఉండదు. సాధన అన్నీ చదివింది. చదివి, పొమ్మంది. ఆ సాయంత్రం నూట యాభై టెస్టు పేపర్లు దిద్దాల్సి ఉంది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. సాధనకు మతి పోలేదు గానీ, అది కోచింగ్ సెంటర్ బోర్డు దగ్గరే ఉండిపోయింది, ఇంటికి రాలేదు. ఓడ పేరులో దేవుని కృప ఉందని తల్లి కిష్టమ్మ మాత్రం మురిసిపోయింది.

నాలుగు నెలలు ఓడ చమురు మోసింది. ఎక్కడ నింపుకుందో, నడి సముద్రంలో ఏ ఓడలోకి తోడిపోసిందో జోయల్‌కు ఎవరూ చెప్పలేదు, అతనూ అడగలేదు. ఆ తర్వాత ఎక్కడో ఒక రాజధానిలో ఒక ఆఫీసు ఆ ఓడ నంబరును నిషేధాల జాబితాలో ఎక్కించింది. అక్కడితో ఏ రేవూ దాన్ని రానివ్వలేదు. యజమాని ఫోను ఎత్తడం మానేశాడు. యజమాని అంటే మనిషి కూడా కాదు, ఏదో దీవిలో ఒక పోస్టుబాక్సు. జెండా దేశానికి ఉత్తరం రాస్తే, ఆ సర్టిఫికెట్ మాది కాదు, దొంగది అని జవాబు వచ్చింది. అమ్మినవాళ్ళు అమ్ముకున్నారు, కొన్నవాళ్ళు చౌకగా కొనుక్కున్నారు, నిషేధించినవాళ్ళు నిషేధించామని ప్రకటన ఇచ్చుకున్నారు. తిలా పాపం తలా పిడికెడు అంటారే, ఇక్కడ ఆ పిడికెడు కూడా ఎవరూ తీసుకోలేదు. అంతా ఓడ మీది పదిహేడు మంది నెత్తిన పడింది. గల్ఫ్ వైపు ఒక రేవుకు పన్నెండు మైళ్ళ దూరంలో లంగరేసిన ఓడలో అన్నం, ఉల్లిగడ్డ తింటూ, మంచినీళ్ళు కొలిచి తాగుతూ కూర్చున్నారు. జనరేటరు రోజుకు రెండు గంటలే వేసేవాళ్ళు, ఫోన్లకు ఛార్జింగ్ అప్పుడే.

మొదటి నెల సాధన ఏడ్చింది. రెండో నెల అందరి మీదా కోపం వచ్చింది. మూడో నెల నుంచి ఏమీ రాలేదు. పన్ను పీకేముందు దవాఖానలో సూది వేస్తే దవడ ఎట్లా ఉంటుందో, మనిషంతా అట్లా తయారైంది. కారం తగిలేది కాదు, ఉప్పు తగిలేది కాదు. వేళకు లేచేది, మెట్రో ఎక్కేది, పాఠం చెప్పేది, ఫారాలు నింపేది. ఫారాలు మాత్రం ఒక్క తప్పు లేకుండా నింపేది.

ఆ ఫారాలు నింపించినాయన గంగాధరరావు. కాకినాడ మనిషి. ముప్ఫై ఏళ్ళు ఓడల్లో ఇంజనీరుగా చేసి, కొత్తపేటలో ఇల్లు కట్టుకుని, ఇలా చిక్కుకుపోయిన వాళ్ళ కోసం ఒక నావికుల సంఘం తరఫున ఉచితంగా తిరుగుతుంటారు. యజమాని వదిలేసిన నావికులకు ఒక జాబితా ఉంటుంది. అందులో పేరుంటే ఆ రేవు దేశం పడవ పంపి మనిషిని దించుతుంది. పేరు లేకపోతే ఆ మనిషి లేనట్టే. ఓడలో ఉన్న నలుగురు భారతీయుల పేర్లూ అందులోకి ఎక్కించడానికి ఆయనకు మూడు నెలలు పట్టింది. పోయిన శనివారం ఆయనే ఫోన్ చేసి, "గురువారం పడవ వెళ్తోందమ్మా, నలుగురినీ దించేస్తారు" అని చెప్పారు.

ఇప్పుడు క్లాసు ముగించి స్టాఫ్ రూములోకి వచ్చి ఫోన్ చూసుకుంటే ఆయనవే మూడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. సాధన తిరిగి చేసింది.

"అమ్మా, కూర్చునే ఉన్నావా?"

"చెప్పండి సార్."

"ముగ్గురే దిగారమ్మా. జోయల్ని దించలేదు."

"ఎందుకు సార్?"

"జాబితాలో అతని పేరు లేదు. బుధవారం తీసేశారు. మనిషి ఇంటికి చేరిపోయాడని మీ ఏజెంటు కాగితం పెట్టాడు. దాంతోపాటు రుజువుగా ఒక వీడియో పెట్టాడు. ఆ వీడియోలో మాట్లాడుతున్నది నువ్వేనమ్మా."

సాధనకు వెంటనే అర్థమైంది. అర్థం కావడంలో ఆమె ఎప్పుడూ ఆలస్యం చేయదు.

హయత్‌నగర్ దాటి పెద్ద అంబర్‌పేట్ వైపు వెళ్తే, హైవే పక్కన రేకుల షెడ్డులో ఒక ప్రార్థన మందిరం ఉంది. పాస్టర్ స్టీఫెన్ దాన్ని పదిహేనేళ్ళుగా నడుపుతున్నాడు. అడిగింది అందాక లేచి సాక్ష్యం చెప్పడం అన్ని మందిరాల్లోనూ ఉన్నదే. స్టీఫెన్ గారి మందిరంలో అందకముందే చెబుతారు. కడుపులో గడ్డ కరిగిపోయిందని, కొడుక్కి ఉద్యోగం వచ్చేసిందని, జరిగిపోయినట్టుగానే మైకులో చెప్పి, చప్పట్లు కొట్టి, కృతజ్ఞత కూడిక పెట్టుకుని అందరికీ భోజనం పెడతారు. ఇంకా జరగాలి అన్నవాళ్ళకు నమ్మకం తక్కువని లెక్క. అక్కడి వాళ్ళెవరూ దాన్ని అబద్ధమనుకోరు. వినేవాళ్ళందరికీ సంగతి తెలుసు.

శనివారం గంగాధరరావు కబురు విన్నాక కిష్టమ్మ ఆగలేదు. ఆదివారం తెల్ల చీర కట్టుకుని మైకు ముందుకు వెళ్ళింది.

"నా కొడుకు జోయల్‌ను దేవుడు ఓడల నుంచి దించిండు. నా ఇంటికి తోలిండు. నా చేతి అన్నం తిన్నడు. దేవునికే మహిమ."

చప్పట్లు మోగాయి. అంతటితో అయిపోయేదే. పాస్టర్ సాధన వైపు తిరిగాడు.

"సాధన సిస్టర్, మీరు గూడ రెండు మాటలు ఇంగ్లీషుల చెప్పుండ్రి. మన ఛానల్ బయటి దేశాలల్ల గూడ చూస్తున్నరు."

నూట యాభై తలలు ఆమె వైపు తిరిగాయి. కాదనడానికి ఓపిక కావాలి. అంతమంది ముందు అమ్మ మాటను చిన్నది చేయడానికి ఇంకా ఎక్కువ ఓపిక కావాలి. ఆ రెండూ ఆమె దగ్గర లేవు. ఎలాగూ గురువారం దిగుతాడు కదా అనుకుంది. లేచి మైకు పట్టుకుని, ఫలానా పేరు గల ఓడలో చిక్కుకున్న తన తమ్ముడు జోయల్ క్షేమంగా ఇల్లు చేరాడని, సహాయం చేసిన అందరికీ ధన్యవాదాలని మంచి ఇంగ్లీషులో చెప్పింది. ఓడ పేరు చెప్పి నంబరు చెప్పకుండా ఉండటం ఆమెకు చేతకాదు. ఏడంకెల నంబరూ తడుముకోకుండా చెప్పింది. సాయంత్రానికల్లా వీడియో ఛానల్‌లోకి ఎక్కింది. కిష్టమ్మ మాటల్ని తీసుకెళ్ళి ఏ ఆఫీసులో పెట్టినా ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. సాధన మాటల్లో మాత్రం ఆఫీసుకు కావలసినవన్నీ ఉన్నాయి.

మధ్యాహ్నం బ్యాచ్ వేరేవాళ్ళకు అప్పజెప్పి ఆమె మెట్రోలో ఎల్బీ నగర్ వెళ్ళింది. చౌరస్తాకు దగ్గర్లో టైర్ల షాపు పైన ప్రసన్నకుమార్ ఆఫీసు. ఏసీ గది, గోడ మీద నీలం రంగు ప్రపంచ పటం, బల్ల మీద చిన్న ఓడ బొమ్మ. ప్రసన్నకుమార్ భీమవరం వైపు మనిషి. ఎవరొచ్చినా లేచి నిలబడతాడు. ఆమెను చూసి కూడా లేచాడు.

"రండి మేడమ్, కూర్చోండి. ఎండన పడి వచ్చారు. టీ చెప్పనా?"

"జోయల్ ఇంటికొచ్చాడని ఎట్లా రాసిచ్చారు?"

"మీరు చెప్పారు కదండీ." అతను ఫోన్ తీసి వీడియో పెట్టాడు. తెరమీద ఆమె నిలబడి, ఎక్కడా తొట్రుపడకుండా, పాఠం చెబుతున్నట్టే చెబుతోంది. "ఓడ నంబరు కొట్టి వెతుకుతుంటే ఇది వచ్చిందండీ. చూసి నేనెంత సంతోషించానో. ఇంట్లో మా ఆవిడకు కూడా చూపించాను."

"ఒక్కసారి ఫోన్ చేసి అడగొచ్చు కదా."

ప్రసన్నకుమార్ కొంచెం ఆలోచించాడు.

"అడిగితే మీరు రాలేదనేవారు కదండీ," అన్నాడు. "నా లైసెన్సు రెన్యువల్ ఈ నెలేనండీ. వదిలేసిన నావికుడి కేసు ఒక్కటి తెగకుండా ఉన్నా ఫైలు కదలదు. ఆ దేవుడే నాకూ దారి చూపించాడనుకున్నాను."

సాధన కోపం వస్తుందేమోనని కాసేపు ఆగి చూసింది. రాలేదు. తన సొంత ముఖం ఆ తెరమీద నోరు తెరిచి ఆగిపోయి ఉంది. దాన్ని చూస్తుంటే ఎవరో పాత స్టూడెంటు ముఖం చూసినట్టుంది.

"ఇప్పుడేం చేయాలి?"

"మీరు చెప్పింది నిజం కాదని నోటరీ చేయించి అఫిడవిట్ ఇవ్వండి మేడమ్. నేను నా కాగితం వెనక్కి తీసుకుంటాను, నాకేం పంతం లేదు. వీడియోలో ఇద్దరున్నారు కదా. అమ్మగారిది కూడా తెస్తే గట్టిగా ఉంటుందండీ."

ఆమె బయటికి వచ్చేసరికి అతను మళ్ళీ లేచి నిలబడి తలుపు దాకా సాగనంపాడు.

హయత్‌నగర్‌లో ఇంటికి చేరేసరికి కిష్టమ్మ గడప దగ్గర కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. నల్గొండ వైపు పల్లెలో పుట్టినప్పుడు పెట్టిన పేరు కిష్టమ్మ. బాప్తిస్మమప్పుడు మరియమ్మ అని మార్చారు గానీ, పిలిచేవాళ్ళు ఎవరూ నోరు తిప్పుకోలేదు. సాధన చెప్పులు విప్పకుండానే జరిగిందంతా చెప్పింది. పడవ పోయిన సంగతి, ముగ్గురు దిగిన సంగతి, వీడియో సంగతి. కిష్టమ్మ చేతులు ఒక్కసారి ఆగాయి. మళ్ళీ గింజలు తీశాయి.

"నా కొడుకు ఒక్కడే ఉన్నడా ఆడ?"

"ఇంక పదమూడు మంది ఉన్నరు. వేరే దేశాలోళ్ళు."

"మనోళ్ళల్ల."

"మనోళ్ళల్ల ఒక్కడే."

రోడ్డు మీద విజయవాడ బస్సులు పోతున్నాయి.

"ఇప్పుడేం జెయ్యాలంటరు?" అంది కిష్టమ్మ.

"అబద్ధం చెప్పినమని కాయితం మీద రాసి సంతకం పెట్టాలె. నేను పెడత, నువ్వు పెట్టాలె."

"నేను అబద్ధం చెప్పలే."

"అమ్మా, వాడు రాలే గదా. ఒచ్చిండని మైకుల చెప్పినవ్. దాన్ని ఏమంటరు మరి?"

"నేను కండ్లతోటి చూసి చెప్పలే. నమ్మి చెప్పిన." కిష్టమ్మ తల ఎత్తలేదు. "వాడు ఒచ్చి ఈడ కూసున్నట్టే, నా చేతి బుక్క తిన్నట్టే నాకు అనిపించింది. గందుకే చెప్పిన. ఇప్పుడు వాడు రాలేదని నా చేత్తోని నేనే సంతకం పెడితే, వాణ్ని ఆడ కట్టేసింది నేనే అయిత."

"అమ్మా, ఆఫీసోళ్ళకు అవేం తెల్వయి. పేరు ఎక్కాలంటే కాయితం గావాలె. జర అర్థం చేసుకో."

"నువ్వు నమ్మి చెప్పినవా బిడ్డా?"

సాధన జవాబు వెతుక్కోలేదు. తెలిసిన జవాబే.

"లే."

"మరి అట్ల చెప్పు. అబద్ధం నీది. నాది కాదు. నువ్వే పెట్టుకో సంతకం."

కిష్టమ్మ తిట్టలేదు, గొంతు పెంచలేదు. కూరలో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా అంది. అని, గింజలు ఏరిన చింతపండు గిన్నెలో వేసుకుని లోపలికి వెళ్ళింది. సాధన గడప దగ్గరే నిలబడి ఉంది. ఆ మాట ఎక్కడో తగిలిందని తెలుస్తోంది గానీ, నొప్పి ఎక్కడో తెలియడం లేదు. నిజానికి ఇది చాలా అన్యాయమైన మాట అని తనకు తాను చెప్పుకోబోయింది. కుదరలేదు. ఎంత తిప్పి చూసినా అమ్మ చెప్పిందే సరిగ్గా ఉంది, తప్పు పట్టడానికి ఒక్క చోటు దొరకలేదు.

గంగాధరరావుకు ఫోన్ చేసి తనొక్కదాని సంతకం సరిపోతుందా అని అడిగింది.

"ఓడ ఒప్పందంలో దగ్గరి బంధువని జోయల్ ఎవరి పేరు రాశాడమ్మా?"

"నాదే సార్."

"అయితే నీదే కావాలి. అమ్మగారిని కష్టపెట్టకు."

శనివారం పొద్దున్నే ఎల్బీ నగర్‌లో కోర్టు బయట, చెట్టు కింద టైపు మిషన్ పెట్టుకున్న జంగయ్య దగ్గర కూర్చుంది. జంగయ్య సగం కొట్టి ఆగి, కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు.

"మేడం, పొరపాటున చెప్పినం అని రాద్దామా? అందరు గట్లనే రాపిచ్చుకుంటరు. అబద్ధం అని రాస్తే రేపు మీ మీదికే ఒస్తది."

"అబద్ధమనే రాయండి."

"ఆలోచించుకోండ్రి. సర్కారు నౌకరి గిట్ల చేస్తరా?"

"చెయ్యను. రాయండి."

కాగితం చేతికొచ్చాక రెండుసార్లు చదివింది. ఓడ నంబరులో ఐదో అంకె తప్పు పడితే దిద్దించింది. 'ఫలానా తేదీన ఫలానా ప్రార్థన మందిరంలో నేను చెప్పినది అబద్ధమని, అబద్ధమని తెలిసే చెప్పితినని' అన్న చోట చేయి ఆగలేదు. సంతకం ఎప్పటిలాగే గుండ్రంగా పడింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు, కానీ కడగడానికి నీళ్ళున్న చోట అది. అక్కడి నుంచి పాస్టర్ స్టీఫెన్‌కు ఫోన్ చేసింది. ఆయన వీడియో తీసేస్తానన్నాడు. నొచ్చుకున్నాడు కూడా. నాలుగు వేల మంది చూశారట, ఎంతోమందికి ధైర్యం వచ్చిందట.

గంగాధరరావు కాగితం అందుకుని, చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"సోమవారం పెడతానమ్మా. పేరు మళ్ళీ ఎక్కడానికి ఎన్నాళ్ళు పడుతుందో నేను చెప్పలేను. ఎక్కినా పడవ ఎప్పుడో తెలీదు. అటువైపు మళ్ళీ గొడవ మొదలయ్యేట్టుంది. జలసంధి దగ్గర ఎవరి కాపలా ఓడలు వాళ్ళు పెట్టుకుంటున్నారు. చమురు ధర పెరుగుతుందేమోనని ప్రపంచమంతా అటే చూస్తోంది, పడవ పంపమని నేను అడిగితే ఎవరు వింటారు? అడుగుతాననుకో. అడగడం మానను."

"సరే సార్," అంది సాధన.

సోమవారం ఉదయం బ్యాచ్ అయ్యాక ఆమె మెట్లు దిగుతోంది. రెండో అంతస్తు మలుపు దగ్గర ఫోన్ మోగింది. పొడుగాటి విదేశీ నంబరు.

"అక్కా."

"జోయల్. ఎట్లున్నవ్?"

"మంచిగనే ఉన్న. జనరేటర్ ఏసిన్రు, గందుకే చేస్తున్న. పైన ఒక మూలకు నిలవడితేనే సిగ్నల్ ఒస్తది." వెనక గాలి ఈడ్చి కొడుతోంది. "ఆ ముగ్గుర్ని తీసుకపోయిన్రక్కా. నన్ను పిలువలే. లిస్టుల నీ పేరు లేదన్నరు."

"తెల్సు."

"నీ వీడియో చూసిన."

సాధన ఫోన్‌ను చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకుంది.

"మంగళవారం చూసిన. ఒడిశా దోస్తు ఫోన్ల సూపెట్టిండు. అమ్మ చెప్తుంటే నవ్వొచ్చింది. అమ్మ గట్లనే అంటది, నేను టెన్త్ ఫెయిలైన నాడు గూడ పాసైండని మైకుల చెప్పింది. గని వెనక నువ్వు చెప్పినవ్. నంబరు తోటి చెప్పినవ్. అక్క ఊకె ఏది అనదు, పక్కా తెల్సే ఉంటది అనుకున్న. బ్యాగు సర్దుకున్న. బుధవారం నుంచి నిచ్చెన కాడనే కూసున్న, రాత్రి గూడ ఆడనే పండుకున్న. ముందుగాల నన్నే దించుతరని అందరికి చెప్పిన."

మెట్ల కింద జిరాక్స్ షాపు మిషన్ ఆడుతూనే ఉంది.

"జోయల్, నాకేం తెల్వకుండెరా. తెల్వకనే చెప్పిన. గది అబద్ధం. గా వీడియో చూసే నీ పేరు కొట్టేసిన్రు. నా వల్లనే నువ్వు ఆగిపోయినవ్."

అటువైపు గాలి తప్ప ఏమీ లేదు. ఎక్కడో ఇనుము ఇనుముకు రాసుకుంటున్న శబ్దం వస్తోంది. ఫోన్ కట్ అయిందేమోనని ఆమె తెర చూసుకుంది. కాలేదు, అంకెలు నడుస్తున్నాయి.

"మల్ల ఎక్కిస్తరా పేరు?" అన్నాడు జోయల్ చివరికి.

"కాయితం ఇచ్చిన. ఎప్పుడైతదో తెల్వదు."

"ఒక్కటి అడుగుతక్కా. ఉతికిన బట్టలన్ని బ్యాగులనే ఉన్నయి. సబ్బు గూడ అండ్లనే ఉన్నది. బ్యాగు ఇప్పాల్నా, అట్లనే ఉంచాల్నా? నువ్వెట్ల చెప్తే అట్ల చేస్త."

అమ్మ అయితే ఉంచమనేది. ఒక్క క్షణం కూడా ఆలోచించేది కాదు, ఉంచు కొడుకా, రేపే ఒస్తున్నవ్ అనేది. ఆ మాట సాధన నాలుక దాకా వచ్చింది. అది తనకు తెలిసిన మాట కాదు. ఇప్పటికే ఒకసారి అట్లాంటి మాట చెప్పింది.

"ఇప్పుకో జోయల్," అంది.

"సరే అక్కా," అన్నాడు.

ఎందుకని అడగలేదు. ఈసారి కూడా నమ్మాడు. ఆ వెంటనే లైను తెగిపోయింది.

సాధనకు ఏడుపు వచ్చింది. నాలుగు నెలల తర్వాత వచ్చింది కాబట్టి ఎలా ఏడవాలో మరిచిపోయినట్టు ముందు దగ్గులాగా వచ్చింది, తర్వాత ఆపితే ఆగలేదు. మెట్ల మీద కూర్చుని, మోకాళ్ళ మీద తల పెట్టుకుని, గొంతు దాచుకోకుండా ఏడ్చింది. పదకొండు గంటల బ్యాచ్ పిల్లలు నోట్సులు పట్టుకుని పైకి వస్తూ, మేడమ్‌ని చూసి మాటలు ఆపి, గోడకు ఒత్తుకుని ఒక్కొక్కరుగా పక్కనుంచి వెళ్ళారు.